బాలింత కోసం దాచిన కోళ్ళు

మసీదు మైకులో ఆ ప్రకటన వచ్చే వేళకు నబవియ్యా మిద్దె మీద బాతుకు మేత కుక్కుతోంది. బాతును రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో ముక్కు తెరిచి, నానిన ఫూల్ చిక్కుడు గింజలు బొటనవేలితో గొంతులోకి నెట్టి, మెడ పొడవునా కిందికి నిమురుతోంది. ఒక్కోదానికి రెండు గుప్పెళ్ళు.

"పక్షుల జబ్బు పక్క తాలూకా దాకా వచ్చింది. రేపు పొద్దున పశువుల డాక్టరు, పోలీసులు ఇంటింటికీ వస్తారు. కోళ్ళు, బాతులు, పావురాలు, ఏవున్నా అప్పజెప్పాలి. దాచినవాళ్ళ మీద కేసు పెడతారు."

నబవియ్యా బాతును వదల్లేదు. రెండో గుప్పెడు కూడా పెట్టి, నిమిరి, అప్పుడు వదిలింది. అది నాలుగడుగులు నడిచి కూలబడింది. అంత బరువెక్కింది.

మెట్ల మీద సనా తల కనిపించింది. తర్వాత పొట్ట. ఏడో నెల.

"విన్నావా అమ్మా?"

"నాకేం చెవుడు లేదు."

"ఏం చేద్దాం?"

"మెట్లెక్కొద్దని నీకెన్నిసార్లు చెప్పాలే? ముందు దిగు."

మిద్దె మీద నలభై నాలుగు పక్షులున్నాయి. అందులో నాలుగు గుడ్లు మానేసిన ముసలి పెట్టలు. మిగిలిన నలభై సనావి. ఆ ఊళ్ళో బాలింతకు నలభై రోజులు రోజుకొక పక్షి కోసి పులుసు పెడతారు. తొలికాన్పు పక్షుల్ని అమ్మగారింటి మిద్దె మీదే పెంచాలి. నబవియ్యా సనాను కన్నప్పుడు తల్లి లేదు. అత్త నలభై రోజులూ పప్పు పెట్టింది. ఆ పప్పు సంగతి నబవియ్యా ఎవరికీ చెప్పలేదు కానీ, సనాకు పెళ్ళయిన నాటి నుంచి మిద్దె మీద కోడిపిల్లల్ని, బాతుపిల్లల్ని వదలడం మొదలుపెట్టింది. మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఆ పక్షుల్ని అమ్మేసింది. ఇవి రెండో విడత.

"నలభై రోజులూ నలభై పక్షులట. చూద్దాం," అని వియ్యపురాలు, అంటే సనా మొగుడు హిల్మీ తల్లి, పోయిన పండక్కి నలుగురిలో అంది. నబవియ్యా నవ్వి ఊరుకుంది.

గోడ అవతలి మిద్దె మీద నుంచి ఉమ్మ్ రాగెబ్ పిలిచింది. రాగెబ్ పుట్టిన నాటి నుంచి ఊరంతా ఆమెను అలాగే, రాగెబ్ తల్లి అనే పిలుస్తుంది. కూతురొక్కతే అయినా నబవియ్యా ఉమ్మ్ సనా.

"ఉమ్మ్ సనా! ఏం అనుకుంటున్నావ్?"

"పొయ్యి గదిలో పెడతా. నువ్వు?"

"నేనెక్కడ దాచను? మా ఆయన సంగతి తెలుసుగా. పోలీసోడు కనిపిస్తే చాలు, వాడు అడక్కముందే పెళ్ళినాటి ముచ్చట్లు కూడా చెప్తాడు. నావి కూడా నీ గదిలో పెట్టవే. పదకొండే."

"నావే నలభై. నేనూ నా కూతురూ ఎక్కడ పడుకోవాలి?"

"వాటి మధ్యే పడుకో. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది, గురక వినే భాగ్యం కలుగుతుంది."

సనా కింద నుంచి పకపకా నవ్వింది. ఉమ్మ్ రాగెబ్ కోడలు నజ్లా, పెళ్ళై ఆరు నెలలైన పిల్ల, ఒక్కో కోడినీ కాళ్ళు పట్టుకుని గోడ మీదుగా అందించింది.

పొయ్యి గది ఇంటి వెనక, గేదె కొట్టం పక్కన ఉంది. రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి మీద అరుగు కట్టి ఉంటుంది. చలికాలంలో ఆ అరుగు మీదే తల్లీ కూతుళ్ళు పడుకుంటారు. కిటికీ లేదు. నబవియ్యా గుమ్మానికి దుప్పటి వేలాడదీసి, కోళ్ళను గంపల కింద కమ్మి, బాతుల మీద గోనెపట్టాలు కప్పింది. చీకటైతే పక్షి అరవదు.

మర్నాడు పొద్దున పశువుల డాక్టరు ఫత్హీ వచ్చాడు. వెంట ఒక పోలీసు, నల్ల సంచులు మోసే ఇద్దరు. ఫత్హీ ఆ ఊరి వాడే. నబవియ్యా గేదె రెండుసార్లు ఈనినప్పుడూ దూడను తీసింది అతనే. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. నబవియ్యా నాలుగు ముసలి పెట్టల్ని కాళ్ళు కట్టి వాకిట్లో సిద్ధంగా పెట్టింది.

"నాలుగేనా హాజ్జా?" అన్నాడు, పెద్దావిడను పిలిచే మర్యాదతో.

"నాలుగే నాయనా. ఈ వయసులో ఎన్నని చూసుకోను?"

"మరి మొన్న రంజాన్‌లో ఇక్కడ నేను తిన్న బాతు?"

"అది నీ కడుపులోకే పోయిందిగా. అక్కడ వెతుక్కో."

పోలీసు నవ్వాడు. ఫత్హీ నవ్వలేదు. మెట్ల మీద రెట్టలు చూశాడు. అవి పచ్చిగా ఉన్నాయి. మెట్ల నుంచి పొయ్యి గది గుమ్మం దాకా నేల తుడిచిన గుర్తు చూశాడు. దుప్పటి వైపు చెయ్యి చూపించాడు.

"అక్కడ?"

"నా కూతురు పడుకుంది. నిండు కడుపుతో ఉంది. తొంగి చూస్తావా?"

ఫత్హీ చూపు తిప్పుకున్నాడు. కాగితం మీద నాలుగు అని రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఒక్క మాట చెప్తా, వినండి. ఎక్కడైనా ఏ పక్షైనా తల వాల్చిందనుకోండి, ముట్టుకోవద్దు. కోయడం అసలొద్దు. నాకు కబురు పెట్టండి. ఏ వేళైనా సరే."

"లేని పక్షి తలెలా వాలుస్తుంది నాయనా?"

"వాల్చినప్పుడు సంగతే చెప్తున్నా," అని ఫత్హీ వెళ్ళిపోయాడు.

దుప్పటి తీసి చూస్తే సనా నేల మీద కూర్చుని ఉంది. ఒడిలో ఒక బాతు. దాని ముక్కు ఆమె గుప్పిట్లో ఉంది.

"ఇది అరవబోయింది. నాకు నవ్వొచ్చింది. రెండూ ఆపలేక చచ్చాననుకో," అంది.

అరవై గడపల ఆ వీధి నుంచి ఆ రోజు ట్రాక్టరు ఎక్కినవి నూట ముప్పై పక్షులు. మిగిలినవి మంచాల కిందికీ, ధాన్యపు గాదెల్లోకీ, బట్టల పెట్టెల్లోకీ పోయాయి. ఎవరి ఇంట్లో ఏముందో అందరికీ తెలుసు.

ఆరో రోజు, సోమవారం పొద్దున, గోనెపట్టా తీసేసరికి బాతుల్లో ఒకటి మెడ మెలితిప్పుకుని గుండ్రంగా తిరుగుతోంది. ఇంకో రెండు గోడ వారన తల వాల్చి ఉన్నాయి. నబవియ్యా వాటిని లేపి నిలబెట్టింది. నిలబడలేదు.

తనంతట తాను చచ్చిన పక్షి హరాం. ప్రాణం ఉండగా బిస్మిల్లా అని కత్తి పెడితే తిండి. ఆ ఊళ్ళో పక్షి తల వాలిస్తే ఆడవాళ్ళ చెయ్యి ముందు కత్తి కోసం పోతుంది. నబవియ్యా తల్లి అలాగే చేసేది, ఆమె తల్లీ అంతే. ఫత్హీ మాట గుర్తు రాలేదని తర్వాత నబవియ్యా ఎవరితోనూ అనలేదు. గుర్తొచ్చింది. కబురు పెడితే అతను దుప్పటి ఎత్తుతాడు. మిగతా నలభై ఎనిమిదీ పోతాయి. అందులో పదకొండు తనవి కావు.

"నీళ్ళు కాచు," అంది సనాతో.

పెరట్లో మూడు బాతుల్నీ కోసింది. సనా పీట మీద కూర్చుని వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకింది. మూడోదాని దగ్గర ఆగింది.

"దీని మాంసం నల్లబడిందేంటమ్మా?"

"గోనె కింద ఊపిరాడక అలా అయ్యుంటుంది. కానీ కానీ."

"వాసన కూడా వేస్తోంది."

"నీకిప్పుడు అన్నీ వాసనేగా. మొన్న సబ్బు వాసనంటివి, నిన్న మొగుడు వాసనంటివి."

"ఆయనది నిజంగా వాసనే. ఇటుకబట్టీలోనే పడుకోమన్నా," అంది సనా. అలా అంటూ ముక్కుకు అంటిన ఈకను మోచేత్తో తుడుచుకుంది.

ఒకటి వండుకున్నారు. రెండు ఉప్పేసి పెట్టారు. ఈకలు కాలవలో పోశారు.

మంగళవారం కోళ్ళు చావడం మొదలుపెట్టాయి. జుట్టు నీలంగా మారి, కళ్ళు మూసుకుని, గంప ఎత్తేసరికే పోయి ఉన్నాయి. కత్తికి కూడా అందలేదు. రెండు రోజుల్లో పదిహేడు. నబవియ్యా వాటిని దాణా సంచిలో వేసి, పైన బర్సీమ్ గడ్డి కప్పి, గాడిద మీద కాలవ గట్టుకు తోలుకెళ్ళి వదిలేసింది. గట్టు కింద నీళ్ళలో అలాంటి సంచులు ఇంకా నాలుగు తేలుతున్నాయి. అవి ఎవరివా అని ఆమె ఆలోచించలేదు. తన సంచి కూడా అలాగే తేలడం చూసి ఒక రాయి వెతికింది. దొరకలేదు.

"నావెన్ని?" అని ఉమ్మ్ రాగెబ్ అడిగింది.

"ఐదు."

"నావే ఎక్కువ చచ్చాయా?"

"నావి పన్నెండు. నీకు లెక్కలు రావా?"

శుక్రవారం సనాకు జ్వరం వచ్చింది. చలికాలం చివర అమ్షీర్ నెల గాలులు, ఊళ్ళో ఇంటికొకరు దగ్గుతున్నారు. నబవియ్యా జామాకులు మరిగించి తాగించింది. శనివారం నిమ్మకాయ, మందుల షాపు వాడిచ్చిన మాత్రలు. ఆదివారం పొద్దున సనా అరుగు దిగి గుమ్మం దాకా వచ్చి, దుప్పటి పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందడం లేదంది.

తాలూకా ఆసుపత్రికి నబవియ్యాతో పాటు ఉమ్మ్ రాగెబ్ వచ్చింది. హిల్మీ బట్టీ నుంచి నేరుగా వస్తానన్నాడు. రోగుల్ని చూసే గదిలో గోడ మీద కోడి బొమ్మ, దాని మీద ఎర్ర గీత. డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుండవు. ఛాతీ విని, వేలికి ఏదో తగిలించి, కాగితం తీసింది.

"ఇంట్లో పక్షులున్నాయా?"

"లేవమ్మా. ఉన్న నాలుగూ ప్రభుత్వం పట్టుకెళ్ళింది. డాక్టర్ ఫత్హీని అడగండి."

"ఈ రెండు వారాల్లో ఇంట్లో పక్షులేమైనా చచ్చాయా? కోశారా?"

నబవియ్యా మోచేతి మీద ఉమ్మ్ రాగెబ్ చెయ్యి పడింది. నొక్కింది.

"పక్షులే లేవంటుంటే."

"చూడమ్మా, నేను పోలీసుల్ని కాదు. నా దగ్గర ఒక మందుంది. పక్షుల జ్వరమైతే ఆ మందే వెయ్యాలి, తొందరగా వెయ్యాలి. అందుకే అడుగుతున్నా."

నబవియ్యా ముసుగు సర్దుకుంది. డాక్టరమ్మ మంచం వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు సనా. పక్షుల్ని ముట్టుకున్నావా?"

సనా తల్లి ముఖంలోకి చూసింది.

"లేదు," అంది.

డాక్టరమ్మ న్యుమోనియా అని రాసింది.

సోమవారం సనాకు ముక్కు మీద గొట్టం పెట్టారు. మంగళవారం పొద్దున నబవియ్యా గేదెకు గడ్డి వేయడానికి ఇంటికి వచ్చింది. పాలు పితుకుతుండగా ఉమ్మ్ రాగెబ్ కొట్టంలోకి వచ్చి గోడకానుకుని నిలబడింది.

"ఎలా ఉంది పిల్లకి?"

"మందులు పని చేయడం లేదంట. ఎందుకో అర్థం కావడం లేదంటోంది ఆ డాక్టరమ్మ."

"నువ్వేమీ అనలేదుగా?"

"లేదు."

"చెప్పావంటే నీ ఇంటితో ఆగదు వదినా. కాలవ నుంచి రైలు గేటు దాకా ఒక్క ఈక మిగల్చరు. ఎంతమంది పిల్లలు ఆ గుడ్లే తింటున్నారో నీకు తెలియంది కాదు. మన సనాకు దిష్టి తగిలింది, అంతే. తగ్గిపోతుంది."

గేదె తోక విసిరింది. నబవియ్యా పాల గిన్నె పక్కకు జరిపింది. సనా పుట్టిన నలభై రోజుల్లో ఒక్క రోజు, ముప్పయ్యో రోజో ఏమో, ఎవరో ఒక కోడి పంపారు. పంపింది ఉమ్మ్ రాగెబ్. అప్పటికి రాగెబ్ పుట్టలేదు, ఆమె కొత్త కోడలు. నబవియ్యా ఆ సంగతి మర్చిపోలేదు.

గిన్నె అక్కడే వదిలేసి లేచింది. పాలు సగం పొదుగులోనే ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిలబడి టీ తాగుతోంది. నబవియ్యా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"పదిహేడు కోళ్ళు చచ్చాయి," అంది. "అంతకుముందు రోజు మూడు బాతులు తల వాల్చాయి. కోశాను. ఇంకా ముప్పై దాకా గదిలో ఉన్నాయి."

డాక్టరమ్మ గ్లాసు కిటికీలో పెట్టింది.

"కోసిందెప్పుడు?"

"పోయిన వారం, సోమవారం."

"ఈకలు పీకిందెవరు?"

"అదే. నేనే పీకమన్నాను."

"ఇంకా ఎవరు ముట్టుకున్నారు?"

"నేను. మేమిద్దరం ఆ గదిలోనే పడుకున్నాం, వారం పైగా."

డాక్టరమ్మ అప్పటికే నడుస్తోంది. మందు మధ్యాహ్నానికి పడింది. జ్వరం మొదలై అది ఐదో రోజు. మొదటి రెండు రోజుల్లో పడాల్సిన మందు అది. ఆదివారం చెప్పి ఉంటే ఏమయ్యేదని నబవియ్యా అడగలేదు. డాక్టరమ్మ చెప్పలేదు. సాయంత్రానికి అంబులెన్సులో సనాను రాజధానికి తరలించారు. తల్లిని వేరే గదిలో పెట్టి రక్తం తీసుకున్నారు. ఆమెకు ఏమీ లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

సనా శనివారం పోయింది. లోపలి బిడ్డ అంతకు ముందు రోజే పోయింది. ఆడపిల్ల.

శవాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి ఇచ్చారు. తెరవొద్దన్నారు. కూతురికి చివరి స్నానం చేయించడం నబవియ్యా చేతులతో కాలేదు.

ఊరికి వచ్చేసరికి పని అయిపోయింది. కాలవ నుంచి రైలు గేటు దాకా రెండు రోజులు ట్రాక్టర్లు తిరిగాయి. ఈసారి మంచాల కిందా, గాదెల్లోనూ వెతికారు. వీధంతా సున్నం చల్లారు. పొద్దున కోడి కూయలేదు. జనం నమాజుకు మైకు విని లేచారు.

మూడు రోజుల సంతాపంలో హిల్మీ వైపు వాళ్ళు వచ్చారు. హిల్మీ తల్లి నబవియ్యా ఎదురుగా కూర్చుని, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. గొంతు పెంచలేదు. ఒకటికి మూడుసార్లు అడిగింది. వీధి వాళ్ళు వాకిట్లోకి రాలేదు. గడపల్లో నిలబడి, నబవియ్యాకు వినపడేలా, "అసలెందుకు చెప్పింది?" అనుకున్నారు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు వండి పంపాలి. ఒక్క పళ్ళెం కూడా రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దెక్కాక ఉమ్మ్ రాగెబ్ వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. పప్పు. గిన్నె గడప మీద పెట్టి, తనూ గడప మీదే కూర్చుంది.

"కోడి తేవాలి. ఎక్కడుంది?" అంది.

"పప్పు చాలు."

"ఉమ్మ్ సనా," అని పిలిచి ఆగింది. ఆ పేరు నోట్లోంచి వచ్చాక గిన్నె మూత సర్దింది. "ఆ రోజు నేను నీ మోచెయ్యి నొక్కా," అంది.

"ఊఁ."

"నొక్కకపోతే చెప్పేదానివా?"

నబవియ్యా ఆలోచించి జవాబు చెప్పింది.

"లేదు. నువ్వు రాకపోయినా చెప్పేదాన్ని కాదు."

ఉమ్మ్ రాగెబ్ ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. భారం దిగినట్టు కూర్చున్న చోట సర్దుకుంది. గొంతు తగ్గించింది.

"నీ దగ్గర దాపరికమెందుకు. నీకివ్వకుండా ఉంచుకున్న రెండు బాతులు మిగిలాయి. ఒక జంట. వాళ్ళొచ్చినప్పుడు పిండి గదిలో, జాడీ వెనక ఉన్నాయి. విత్తనానికన్నా ఉండాలి కదా? మళ్ళీ గుడ్లు పెట్టాక నీకు నాలుగు పిల్లలిస్తా. దేవుడి మీద ఒట్టు."

"మేపేదెవరు?"

"నజ్లా. నా మోకాళ్ళు వంగితే కదా." ఉమ్మ్ రాగెబ్ ఇంకా గొంతు తగ్గించింది. "దానికి మూడో నెల. ఎవరికీ చెప్పలేదింకా. కళ్ళు పడతాయని."

నబవియ్యా గడప వైపు చూసింది.

"బాతులు బాగానే ఉన్నాయా?"

"ఒకటి కాస్త నీరసంగా ఉంది. చీకట్లో ఉందిగా. ఇంకో రెండు రోజులు చూసి, తేరుకోకపోతే కోసేస్తాం. వృథా ఎందుకు?"

"కోయొద్దు."

"ఏమంటావే?"

"కోయొద్దంటున్నా. నజ్లాను ఆ గదిలోకి పోనియ్యకు. ఇవాళే ఆ రెంటినీ ఫత్హీకి అప్పజెప్పు."

ఉమ్మ్ రాగెబ్ లేచింది.

"నా ఇంట్లో ఆఖరి జంట అది. నీ ఇంట్లో చావు జరిగిందని నేనొచ్చా. నా ఇంట్లో కూడా జరగాలని కోరుకుంటున్నావా?"

గిన్నె అక్కడే ఉంది. ఆమె గోడవతల తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

నబవియ్యా పప్పు గిన్నెను లోపల పెట్టి, మూత మీద రాయి పెట్టింది. నల్ల ముసుగు కప్పుకుంది. వీధిలో సున్నం ఇంకా ఉంది. చెప్పుల గుర్తులు పడ్డాయి. నాలుగు గడపల్లో ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలాపారు. ఒకామె లోపలికి వెళ్ళిపోయింది. నబవియ్యా రైలు గేటు దాటి పశువుల ఆఫీసుకు నడిచింది. అర గంట పట్టింది.

ఫత్హీ బల్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఉమ్మ్ రాగెబ్ ఇంట్లో రెండు బాతులున్నాయి. పిండి గదిలో, జాడీ వెనక. ఒకటి తల వాల్చింది. మేపేది కోడలు నజ్లా. మూడో నెల."

ఫత్హీ చొక్కా మీద కోటు తొడుక్కున్నాడు. గుడ్డ, చేతి తొడుగులు సంచిలో వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"మీరు చెప్పారని నా నోటి నుంచి రాదు హాజ్జా."

"నేనే చెప్పానను," అంది నబవియ్యా. "లేకపోతే ఇంకెవరినో అనుమానిస్తుంది."

అతను మోటారు సైకిలు తీశాడు. ఎక్కమన్నాడు. ఆమె వద్దంది. గేదెకు పొద్దుట నుంచి గడ్డి లేదు. దారిలో పొలానికి వెళ్ళి, కొడవలి పట్టుకుని, బర్సీమ్ కోసింది.